ఇంతే సంగతులు, చిత్తగించవలెను: ఉత్తరపు తుదిపలుకుల చరిత్ర

ఒక కార్యము చెడిపోయి ఇక చేయదగినదేమియు లేనప్పుడు "ఇక ఇంతే సంగతులు" అని మన పల్లెలలో పెద్దలును పిన్నలును అనుచుందురు. ఆ మాట ఎక్కడనుండి వచ్చినదని అడిగినచో చెప్పగలవారు నేడు తక్కువ. అది ఒకప్పటి తెలుగు ఉత్తరమునకు తుదిపలుకు. వ్రాయవలసినదంతయు వ్రాసిన పిదప, సంతకమునకు ముందు, "ఇంతే సంగతులు, చిత్తగించవలెను" అని వ్రాసి మన పూర్వులు కలము దింపెడివారు. ఉత్తరము మారిపోయినది, దాని చివరి వాక్యములో సగము మాత్రము నుడికారమై జనుల నోట నిలిచినది. మిగిలిన సగము, అనగా "చిత్తగించవలెను" అను మాట, మరుగున పడినది. దాని చోట ఏ మాటలు వచ్చి చేరినవి, అవి ఎక్కడివి, వానివలన వ్రాయువాని స్థితి ఎట్లు మారినది అనునది తెలిసికొనదగిన చరిత్ర.

పూర్వపు తెలుగు ఉత్తరమునకు ఒక కట్టుబాటు కలదు. "శ్రీ" అను అక్షరముతో అది మొదలగును. గౌరవింపదగినవారికి "మహారాజశ్రీ" అనియు, పండితులకు "బ్రహ్మశ్రీ వేదమూర్తులైన" అనియు, అత్తగారికి, వదినగారికి "మహాలక్ష్మీ సమానురాలైన" అనియు, కూతునకు "చిరంజీవి సౌభాగ్యవతి" అనియు వ్రాయుట ఆచారము. పిమ్మట "ఉభయకుశలోపరి" అని వ్రాసి, "ఇక్కడ మేమందరము క్షేమము, అక్కడ మీ క్షేమమునకు జాబు వ్రాయించవలెను" అనెడివారు. "వ్రాయవలెను" అనక "వ్రాయించవలెను" అనుటలో మర్యాద ఒకటి, నిజస్థితి ఒకటి కలవు. పెద్దవారు స్వయముగా శ్రమపడి వ్రాయవలెనని కోరుట తగదనునది మర్యాద. చాలమంది పెద్దవారికి వ్రాయుట రాదనునది నిజస్థితి.

ఇట్లు సంగతులన్నియు ముగిసిన తరువాత వచ్చునది "చిత్తగించవలెను". చిత్తమనగా మనస్సు. చిత్తగించుట యనగా దయతో మనస్సున నుంచుకొనుట, ఆలోచించుట. ఈ మాటలో గౌరవము నిండుగా కలదు. అయినను ఇందు వ్రాయువాడు తన్ను గూర్చి ఏమియు చెప్పుకొనుట లేదు. తాను సేవకుడననిగాని, అల్పుడననిగాని అనుట లేదు. చదువువాని మనస్సును మాత్రమే కోరుచున్నాడు. ఉత్తరము వ్రాసినవాడు వేరొకరినుండి మొట్టమొదట కోరదగినది అదియే గదా!

అంతమాత్రమున పాతకాలపు ఉత్తరమంతయు సమత్వముతో నిండియుండెననుకొనుట పొరపాటు. ఎవరికి ఆశీర్వచనములు, ఎవరికి నమస్కారములు, ఎవరికి దండములు అనునది కులమును, వయస్సును, కలిమిని బట్టి నిర్ణయమయ్యెడిది. "దాసానుదాసుడు" అను మాటయు మన సంప్రదాయములో నున్నదే. ఊరి చివర నివసించువాడు ఊరి నడుమ నివసించువానికి ఉత్తరము వ్రాయించుకొన్నచో వాని నమస్కారము ఎంత వంగవలెనో వ్రాసిపెట్టువాడే నిర్ణయించెడివాడు. వంగుట మనకు దొరలు నేర్పినది కాదు. దొరల కాలమున వచ్చిన మార్పు వేరు.

ఆ కాలపు తెలుగు ఉత్తరములు ఎట్లుండెనో తెలియుటకు మంచి ఆధారము చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరవలన లభించినది. 1798లో జన్మించి 1884లో మరణించిన ఈయన 1817లో మద్రాసునకు వచ్చి, కడపలోను, మచిలీపట్టణములోను, రాజమహేంద్రవరములోను ఉద్యోగము చేసెను. ఆయన నిఘంటువును ఎరుగనివారు లేరు. అది వెలువడిన 1852వ సంవత్సరముననే తెలుగు రీడరు అను మరియొక గ్రంథమును ఆయన ప్రకటించెను. అందు సొంత వ్యవహారములను గూర్చిన ఉత్తరములు, పోలీసు, రెవిన్యూ కాగితములు తెలుగున ముద్రింపబడి, వానికి ఇంగ్లీషు అనువాదము కూర్పబడెను. కొత్తగా వచ్చిన తెల్ల ఉద్యోగి జనులు వాస్తవముగా వ్రాయు తెలుగును చదువ నేర్వవలెనని దాని ఉద్దేశము. కావ్యములు మాత్రమే చదివినవాడు ఒక రైతు అర్జీని చదువలేడని బ్రౌను గ్రహించెను.

అర్జీ యను మాట మన భాషలోనికి నవాబుల కచేరీల ద్వారమున వచ్చినది. సలాము, హుకుము, దరఖాస్తు, జవాబు మొదలగునవియు అట్టివే. 1765లో మొగలు పాదుషా ఫర్మానా వలనను, 1766లో నిజాముతో జరిగిన ఒడంబడిక వలనను ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమైనవి. గోదావరీతీరము వానిలోనిది. అంతట సలాముల అర్జీమీద ఇంగ్లీషు ఉత్తరము వచ్చి కూర్చుండెను. రైతు తెలుగున అర్జీ పెట్టుకొనును. కచేరీలో దాని సారము ఇంగ్లీషులోనికి మారును. కలెక్టరు మద్రాసులోని రెవిన్యూ బోర్డునకు ఇంగ్లీషున లేఖ పంపును. ఆ లేఖ చివర ఒక వాక్యము తప్పక యుండును: "ఐ హావ్ ది ఆనర్ టు బి, సర్, యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్." అనగా, "అయ్యా, తమకు మిక్కిలి విధేయుడైన సేవకుడనై యుండు గౌరవము నాకు కలదు" అని అర్థము.

ఈ వాక్యమునకు సీమలో పెద్ద చరిత్ర కలదు. ప్రాచీన రోమకులు ఉత్తరము చివర "వాలే" అని వ్రాసెడివారు. "క్షేమముగా నుండుము" అని దాని భావము. అది మన కుశలప్రశ్నకు దగ్గరి చుట్టము. తరువాత యూరపులో ప్రభువులును, వారిని ఆశ్రయించి బ్రతుకువారును ఏర్పడిన కాలమున క్షేమము కోరుటకు మారుగా సేవకత్వమును చాటుకొనుట మర్యాద యయ్యెను. పదునెనిమిదవ శతాబ్దము నాటికి ఆ మాట అరిగిపోయిన నాణెము వంటిదైనది. పెద్దవాడు చిన్నవానికి వ్రాసినను, శత్రువు శత్రువునకు వ్రాసినను చివర "విధేయ సేవకుడే". సామ్యూల్ జాన్సన్ అను పండితుడు గొప్ప ఇంగ్లీషు నిఘంటువును రచించుచుండగా, ఆదుకొనవలసిన చెస్టర్ఫీల్డు ప్రభువు ఏండ్ల తరబడి పట్టించుకొనక, గ్రంథము పూర్తియగు సమయమునకు పొగడుటకు సిద్ధపడెను. 1755 ఫిబ్రవరి 7వ తేదీన జాన్సను ఆయనకు వ్రాసిన లేఖ ఆ ప్రభువు పోషణను పూర్తిగా తిరస్కరించినది. అట్టి లేఖయు అత్యంత వినమ్ర విధేయ సేవకుడననియే ముగిసినది. చదివినవారెవ్వరును ఆ సేవకత్వమును నమ్మలేదు. నమ్మవలెనని వ్రాసినవాడును అనుకొనలేదు.

కోనసీమకు నీరు తెచ్చిన కాగితములును ఈ రివాజులోనివే. గోదావరికి ఆనకట్ట కట్టవలెనని ఆర్థరు కాటన్ దొర 1844లో పైయధికారులకు నివేదిక పంపెను. 1847లో ధవళేశ్వరమున పని మొదలై 1852లో ముగిసెను. పిమ్మట వైనతేయ పాయమీద గన్నవరము అక్విడక్టు కట్టబడి, మామిడికుదురు ఉన్న నగరము లంకకు కాలువనీరు నదిని దాటి వచ్చెను. ఇట్టి పనులకు ముందు ఇంజనీరులకును, బోర్డునకును, ప్రభుత్వమునకును నడుమ ఎన్నియో లేఖలు నడచుట, వానిలో ధనము కొరకు వాదోపవాదములు జరుగుట ఆ కాలపు పద్ధతి. లోపల ఎంత వాదమున్నను చివర మాత్రము "విధేయ సేవకుడు" అని యుండవలసినదే. ఆ దొరలకు ఆ మాట తలుపు మూయునప్పుడు వేయు గడియ వంటిది. అంతకు మించి దానికి బరువు లేదు.

కాని అదే మాట తెలుగువాని చేతికి వచ్చునప్పటికి బరువెక్కెను. ఇంగ్లీషువాడు మరియొక ఇంగ్లీషువానికి సేవకుడనని వ్రాసినచో అది మర్యాద. శిస్తు కట్టలేని రైతు కలెక్టరునకు సేవకుడనని వ్రాసినచో అది మర్యాద కాదు, నిజము. ఇందులో ఇంకొక వింత కలదు. మద్రాసు ప్రభుత్వము మన దేశస్థులను పేర్కొనునప్పుడు "మహారాజరాజశ్రీ" అను బిరుదును నాలుగక్షరములుగా కుదించి "మ.రా.రా.శ్రీ." అని పేరునకు ముందును, "గారు" అని చివరను చేర్చెడిది. పాలకులు పాలితుని కాగితముమీద మహారాజును చేసిరి. ఆ మహారాజు జవాబు వ్రాయుచు తాను సేవకుడనని సంతకము చేసెను!

ఆ కాలపు అర్జీకి ఎంత పని యుండెనో ఒక్క ఉదాహరణమువలన తెలియును. 1806లో జన్మించిన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించెను. కంపెనీ పాలనలో రైతులు పడుచున్న బాధలను గూర్చి ఆ సంఘము సీమలోని పార్లమెంటునకు అర్జీ పంపెను. శిస్తు వసూలునకై కంపెనీ నౌకరులు జనులను హింసించుచున్నారను మాట పార్లమెంటులో చర్చకు వచ్చెను. 1854లో విచారణసంఘము నియమింపబడగా దానికి వేయికి మించిన ఫిర్యాదులు వచ్చెను. వానిలో పెక్కు ఉత్తరముల మూలముననే వచ్చినవి. హింస జరుగుచున్న మాట నిజమేయని 1855 నాటి నివేదిక ఒప్పుకొనెను. పార్లమెంటునకు పంపు అర్జీలకు తుదిపలుకు వేరొకటి నిర్ణయమై యుండెను: "విధ్యుక్తముగా మీ అర్జీదారులు ఎల్లప్పుడు ప్రార్థించుచుందురు." దెబ్బలు తిన్నవాని బాధను చెప్పు కాగితమునకును, వ్యాపారపు రాయితీని కోరు కాగితమునకును ఒకే ముగింపు. అయినను ఆ వంగిన వాక్యము పైనున్న వాక్యములు నిటారుగా నిలిచినవి. పని చేసినవి అవియే.

ఈ కాగితములు వ్రాయగలవారు ఎందరు? 1951 జనాభా లెక్కల నాటికిని భారతదేశమున అక్షరాస్యులు నూటికి 18 మందికి కొంచెము పైన మాత్రమే. అంతకు నూరేండ్ల పూర్వపు మాట చెప్పనక్కరలేదు. కరణమో, బడిపంతులో, కచేరీ అరుగుమీద కూర్చున్న అర్జీలు వ్రాయువాడో వ్రాసిపెట్టవలెను. చివర రైతు "నిశాని" యని చెప్పబడు గుర్తు పెట్టును, లేక వేలిముద్ర వేయును. తన పేరునకు పైన "విధేయుడు" అని యున్నదో, "దాసుడు" అని యున్నదో వానికి తెలియదు. తాను చదువలేని మాటకు తాను కట్టుబడుటకంటె పెద్ద దాస్యము వేరొకటి కలదా?

తరువాత ఇంగ్లీషు బడులు వచ్చినవి. సెలవుచీటి వ్రాయుట అందు మొదటి పాఠములలో నొకటి. జ్వరము వచ్చిన పిల్లవాడు "యువర్ మోస్ట్ ఒబీడియెంట్ ప్యూపిల్" అని వ్రాయ నేర్చెను. దాని ఛాయయే మన తెలుగు సెలవుచీటిలోని "తమ విధేయ విద్యార్థి". ఇట్లు "చిత్తగించవలెను" అను కోరిక పోయి "విధేయుడను" అను ఒప్పుకోలు వచ్చెను. ఈ మార్పు ఒక ఉత్తరువువలన జరిగినది కాదు. బడిలోని నల్లబల్లమీదను, కచేరీలోని కాగితముమీదను మెల్లమెల్లగా జరిగినది.

ఇండ్లలో మాత్రము పాతమాటలు చాలకాలము నిలిచెను. 1854 అక్టోబరు 1 నుండి దేశమంతట దూరముతో నిమిత్తము లేక ఒకే తపాలా రుసుము ఏర్పడెను. 1879 జూలై 1న కాలణా కార్డు వచ్చెను. గోదావరీతీరమునుండి రంగూనునకు కూలికి పోయిన తెలుగువారికిని, ఇంటివద్ద ఎదురుచూచువారికిని ఉత్తరమే ఆధారము. కార్డుమీద చోటు తక్కువ. అందుచేత పొడవైన బిరుదులు "మ.రా.శ్రీ.", "చి. ల. సౌ." అను పొడి యక్షరములైనవి. "ఉభయకుశలోపరి" అను ఒక్క మాటలో ఇల్లంతయు ఇమిడెను. తంతి వచ్చిన పిదప మాటకింతయని రుసుము కట్టవలసి వచ్చెను గనుక కుశలమును తుదిపలుకును రెండును పోయినవి. అందుచేతనే పల్లెలో తంతి యనగా గుండె ఝల్లుమనెడిది. ఆ తంతియు 2013 జూలైలో మన దేశమున ముగిసినది.

జాతీయోద్యమమున తుదిపలుకునకు కొత్త పరీక్ష వచ్చెను. సుభాష్ చంద్రబోసు 1920లో ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగవవాడుగా కృతార్థుడై, 1921 ఏప్రిల్ 22న ఆ కొలువును వదలుకొనుచు ఇండియా మంత్రియైన మాంటేగునకు లేఖ వ్రాసెను. సేవకత్వమును త్యజించు ఆ లేఖయు రివాజు ననుసరించి "మిక్కిలి విధేయుడైన సేవకుడను" అనియే ముగిసినది. జాన్సను లేఖకు ఇది తోబుట్టువు వంటిది. మాట వంగినను మనిషి వంగలేదు.

మహాత్మాగాంధీ మరియొక త్రోవ త్రొక్కెను. ఉప్పు సత్యాగ్రహమునకు పూర్వము 1930 మార్చి 2న రాజప్రతినిధి ఇర్విను ప్రభువునకు ఆయన వ్రాసిన లేఖ ఎల్లరెరిగినదే. దానిని కొనిపోయినవాడు రెజినాల్డ్ రేనాల్డ్సు అను ఆంగ్లేయ యువకుడు. బ్రిటిషు పాలన ఈ దేశమునకు చేసిన కీడును ఆ లేఖ ఒక్కొక్కటిగా ఎత్తి చూపినది. "ప్రియమిత్రమా" అని మొదలై, "మీ నిజమైన మిత్రుడను" అను భావముతో అది ముగిసినది. అందు అమర్యాద లేదు, సేవకత్వమును లేదు. రాజప్రతినిధి స్వయముగా బదులు వ్రాయక తన కార్యదర్శిచేత నాలుగు మాటలు వ్రాయించెను. మార్చి 12న దండియాత్ర మొదలయ్యెను. చక్రవర్తి ప్రతినిధితో సమానునివలె మాటలాడుటకు మర్యాదను విడువనక్కరలేదని ఒక తుదిపలుకు దేశమునకు నేర్పినది.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వపు లేఖలలో "విధేయ సేవకుడు" తగ్గి "యువర్స్ ఫెయిత్ఫుల్లీ" నిలిచినది. పేరు పెట్టి పిలుచుచు అధికారి అధికారికి వ్రాయు లేఖలలో "యువర్స్ సిన్సియర్లీ" అని వ్రాయుదురు. మొదటిది విశ్వాసమును, రెండవది నిష్కపటమును తెలుపును. రెండింటిలోను "యువర్స్" అనగా "మీవాడను". దీనికి సరియైన మాట మన సంస్కృతభాగములో "భవదీయుడు". 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చి, కచేరీలలో తెలుగు మెల్లగా అడుగుపెట్టినప్పుడు "భవదీయుడు", "విధేయుడు" అను రెండు మాటలును ఆ కాగితములలో పోటీపడినవి. మొదటిది చుట్టరికము, రెండవది లొంగుబాటు. నేడు అర్జీ వ్రాయువాడు తేడా ఎంచక ఏదో యొకటి వ్రాయుచున్నాడు. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ "హిజ్ ఎక్సలెన్సీ" అను బిరుదును దేశములో తమకు వాడనక్కరలేదని నిర్ణయించిరి. పైనున్నవారు తమ బిరుదును దించుకొనగా క్రిందనున్నవాడు తన సేవకత్వమును మోయుచుండుట ఎందులకు?

ఇంతకంటె పెద్ద మార్పు 2005 నాటి సమాచార హక్కు చట్టమువలన వచ్చినది. ఆ చట్టము క్రింద కాగితము పెట్టువాడు ఆ సమాచారము తనకెందుకో చెప్పనక్కరలేదు. సాధారణముగా 30 దినములలో బదులు ఇయ్యవలెను. ఇయ్యనిచో పైయధికారికి అప్పీలు చేసికొనవచ్చును. "చిత్తగించవలెను" అని మన పూర్వులు వినయముతో కోరినదానిని ఈ చట్టము కచేరీలకు విధిగా చేసినది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడుటతో, అంతకు పూర్వము కాకినాడ పోవలసిన మామిడికుదురు అర్జీదారునకు కలెక్టరు కచేరీ అమలాపురమునకు దగ్గరైనది. సోమవారమునాడు చేత కాగితముతో బయలుదేరువాడు తన తాతవలె ఒకరిచేత వ్రాయించుకొని, తనకు తెలియని మాటక్రింద వేలు ఒత్తవలసిన పనిలేకుండుటయే ఈ చరిత్రకంతకును ఫలము.

ఆ ఫలమును తెచ్చినవానిలో గ్రామ గ్రంథాలయము ముఖ్యమైనది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు, ఊరూర పుస్తకము ఉండవలెనని కోరినవారు జనులు పురాణములు చదువుకొనవలెనని మాత్రమే కోరలేదు. తన కాగితమును తాను చదువగల మనిషి ఊరిలో నుండవలెనని కోరిరి. గ్రంథాలయపు బల్లవద్ద అక్షరములు కూడబలుకుకొన్నవాడు తరువాత తన ఉత్తరమును తానే వ్రాసికొన్నాడు. ఎవరికి నమస్కారమో, ఎవరికి ఆశీర్వచనమో, ఎంత వంగవలెనో, ఎక్కడ నిలువవలెనో తానే నిర్ణయించుకొన్నాడు. ఇరువదియైదేండ్లుగా ఈ ఊరి గ్రంథాలయమును తెరచి యుంచినవారు చేసినది ఆ పనియే. గ్రామప్రజలు ఇకముందు వ్రాయు అర్జీల చివర "విధేయుడు" అని వ్రాయుదురో, "భవదీయుడు" అని వ్రాయుదురో వారి ఇష్టము. అది వారికి అర్థమైన మాట కావలెను. ఇకమీద తెలుగున ఉత్తరము వ్రాయువారు మన పూర్వుల మాటను ఒక్కసారి మరల వ్రాసి చూచినచో దాని సొంపు తెలియును. అందు వంగుట లేదు, పొగరు లేదు. చదివినవారు మనస్సు పెట్టవలెనను కోరిక మాత్రమే కలదు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.